బండ కాదు, బ్యాగే!

తాండూరు అంటే నాపరాయి. ఇప్పుడా బండలు క్వారీల్లో కన్నా పిల్లల వీపుల మీదే ఎక్కువ కనబడుతున్నాయి. ఆ బరువు తగ్గాలనే, రెండో తరగతి దాకా హోంవర్కే వద్దు, మూడు నుంచి ఐదుకు వారానికి 2 గంటలు దాటొద్దంది కేంద్రం 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో. ఆ కాగితం జిల్లా కేంద్రం వికారాబాద్ దాకా వచ్చి, అనంతగిరి చల్లగాలికి అక్కడే కునుకు తీసినట్టుంది.

‘‘సార్, మా పోరడు రెండో తరగతే. రోజూ నాలుగు పేజీలాయె. జర తక్కువ చెయ్యుండ్రి’’ అన్నాడో తండ్రి టీచరుతో.

‘‘నాదేముంది, చేస్త. మీ పక్కింటాయన నిన్ననే వచ్చి ఇంకా పెంచమన్నడు. ఇద్దరూ మాట్లాడుకొని రాండ్రి.’’

‘‘మాట్లాడేటందుకు టైమ్ యాడిది సార్? రాత్రయితే ఆయన వాళ్ల బిడ్డ హోంవర్కు రాస్తుంటడు, నేను మావోనిది!’’