సొరుగులో నీలం తీగ

లేత నీలం రంగు, ఆరడుగుల పొడవు, నాడాలా చదునైన ఒళ్ళు. ఒక కొసన నెట్‌వర్కు తీగలకుండే ప్లాస్టిక్ మూతి, రెండో కొసన తొమ్మిది చిల్లుల మూతి. కన్సోల్ కేబుల్ అంటారు నన్ను. రౌటరు కొన్నప్పుడు అట్టపెట్టెలో ఊరికే వచ్చినదాన్ని. ఊరికే వచ్చినదానికి విలువెవరిస్తారు?

నా భాష పాతది. ఆర్‌ఎస్-232 పేరుతో 1960లో పుట్టింది. సెకనుకు 9600 బిట్లు, అంటే 960 అక్షరాలు. ఇప్పటి లెక్కలో నత్తనడకే. పైగా నాతో పని చేయించాలంటే మనిషి యంత్రం దగ్గరికి రావాలి. కానీ నాకు నెట్‌వర్కు అక్కర్లేదు, ఐపీ అడ్రసు అక్కర్లేదు. యంత్రం లేస్తూ పలికే మొదటి మాట నుంచీ నాకు వినిపిస్తుంది.

తరవాత వచ్చినవాళ్ళ గొప్ప కాదనను. టెల్నెట్ దూరాన్ని చెరిపింది, అయితే పాస్‌వర్డును పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పంపేది. అలా పోయే పాస్‌వర్డులను దొంగలు కాజేస్తుంటే 1995లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీలో టాటూ యిలోనెన్, అన్నీ గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఆ తరవాత సర్వరు కడుపులోనే ఐలో, ఐడ్రాక్ లాంటి బుల్లి కంప్యూటర్లు వెలిశాయి. సర్వరు ఆపేసి ఉన్నా అవి మెలకువగానే ఉంటాయి. హైదరాబాదులో కూర్చుని రాజమండ్రి సర్వరుకు పవరు ఇవ్వొచ్చు, బయోస్ తెర చూడొచ్చు. అవి వచ్చాక నేను సొరుగులోకి వెళ్ళాను. మా రాజమండ్రి ఆఫీసు పెద్దాయన ఒక్కడే నన్ను చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ‘పారేయొద్దు’ అని చీటీ అంటించాడు.

2022 జూలై. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి పోతోంది. లంకల్లో కాజ్‌వేలు మునిగి, జనం పడవలెక్కారు. ఆ రాత్రే హైదరాబాదు నుంచి మా యంత్రాలు చూసుకునే కుర్రాడు ఎస్‌ఎస్‌హెచ్‌లో మా రౌటరు నిబంధన ఒకటి మార్చబోయి తన దారి తనే మూసుకున్నాడు. సేవ్ కూడా చేసేశాడు, కాబట్టి కరెంటు తీసి పెట్టినా లాభం లేదు. ఐలో బతికే ఉంది. కానీ దాని తీగా ఆ రౌటరు వెనక స్విచ్చిలోకే పోతుంది. రోడ్డు మునిగితే బస్సైనా కారైనా ఒకటే కదా. కుర్రాడు బయల్దేరి వద్దామంటే రాత్రి రైలు గౌతమీ ఎక్స్‌ప్రెస్ అప్పటికే వెళ్ళిపోయింది.

ఫోన్లో కుర్రాడి గొంతు వణుకుతోంది.

“బాబాయ్ గారూ, నీలం తీగ ఒకటుండాలండి…”

“ఉందబ్బాయ్, నా సొరుగులోనే ఉంది. కంగారు పడకు.”

పెద్దాయన వానలో తడుస్తూనే వచ్చాడు. ల్యాప్‌టాప్‌కి నా మూతి పట్టే గడి లేకపోతే యూఎస్‌బీ అడాప్టరు తగిలించాడు. ఎంటర్ నొక్కగానే రౌటరు పలికింది. కుర్రాడు అక్షరం అక్షరం చెబుతుంటే కళ్ళజోడు సర్దుకుంటూ కొట్టాడు. ఆ తప్పు వరుస చెరిగి సర్వర్లన్నీ మళ్ళీ కనిపించాక, నన్ను పొడిగుడ్డతో తుడిచి దాచాడు. ఒక్కొక్క అక్షరమే నాలోంచి పోయిన ఆ అరగంటే నా బతుకులో నేను గర్వపడేది.

ఆయన రిటైరయ్యాడు. చీటీ ఊడిపోయింది. ఎవరో సొరుగులోంచి లాగినప్పుడు నా మూతి మీది క్లిప్పు పుటుక్కున విరిగింది. ఇప్పుడు రౌటరుకు తగిలిస్తే వేలితో ఒత్తి పట్టుకోవాలి, లేదంటే జారిపోతాను. కొన్నాళ్ళు నాతో పాత ఫైళ్ళు కట్ట కట్టారు. ఆ ముడి నొక్కు ఒంటి మీద ఇంకా ఉంది. ఫైళ్ళు తరలిపోయాక పనికిరాని మౌసులతో, పాత కీబోర్డులతో కలిపి గోనెసంచిలో వేశారు. తుక్కు కొనే అతను రేపొస్తాడట.

సంచి మూతి ఇంకా కట్టలేదు. ఇక్కణ్ణించి ర్యాకు కనిపిస్తోంది. రౌటరు మీద నా కోసం చేసిన నీలం గడి దుమ్ము పట్టి ఉంది. కొత్త సర్వరు దీపాలు పచ్చగా మెరుస్తున్నాయి. దాని ఐలో తీగ ఇప్పటికీ అదే స్విచ్చిలోకి పోతోంది.