శ్రోత్రియుడు

సంగీతప్రియులని లోకము పొరపాటున పిలుచు వారిలో, పాటను గాక పాటను వినిపించు పరికరమును మాత్రమే వినెడివారు కొందరు కలరు. వీరికి సంగీతముతో గల సంబంధము, పెండ్లినాడు నగలు తూచుటకు వచ్చిన కంసాలికి ఆ పెండ్లితో గల సంబంధము వంటిది. హైదరాబాదున గచ్చిబౌలి మొదలు కొండాపూర్ వరకు గల బహుళాంతస్తుల భవనములలో ఈ జాతి విశేషముగా వర్ధిల్లుచున్నది. వారిలో ఉత్తముడొకడు మా పై అంతస్తుననే కాపురముండుటచేత, అతని లక్షణములను సావకాశముగా పరిశీలించు భాగ్యము నాకబ్బినది. సాఫ్టువేరు ఉద్యోగము, నలువదియైదేండ్ల ప్రాయము, దళసరి కండ్లజోడు, మెడచుట్టు ఎల్లవేళల ఒక హెడ్‌ఫోను, బీరువాలో మరికొన్ని.

ఇతడు వేలకువేలు పోసి కొన్నది నిశ్శబ్దము. కొన్న నిశ్శబ్దము మేలైనదో కాదో తేల్చుకొనవలెనన్న ముందుగా చప్పుడు కావలెను గదా! కావున ప్రశాంతమైన ఇల్లు ఇతనికి నిరుపయోగము. ఆదివారము మధ్యాహ్నము వీధియంతయు కునుకు తీయుచుండగా వంటింటి గడపకడ నిలిచి, "ఒక్కసారి మిక్సీ వేస్తావా?" అని ఇల్లాలిని బ్రతిమాలును. "ఇప్పుడు రుబ్బడానికేం లేదండీ" అని ఆమె యనిన, "ఖాళీదే తిప్పు, పది సెకన్లు చాలు" అనును. కరెంటు పోయి అపార్టుమెంటు జనరేటరు హోరెత్తగనే తక్కినవారు కిటికీలు మూసికొనుచుండగా, ఇతడొక్కడు కుర్చీ చేతబట్టి మెట్లు దిగి, దాని సన్నిధిని ఆసీనుడై, కన్నులు మూసి, మీట నొక్కి, తీసి, మరల నొక్కి, పరమానందభరితుడగును. విమానమెక్కినచో ఇంజను ప్రక్కసీటు కోరి మరీ కూర్చుండును.

ఈ నిశ్శబ్దమునకొక స్థలపురాణము కలదు. దానిని అడిగినను చెప్పును, అడుగకున్నను చెప్పును. ధ్వనితరంగమునకు సరిగా విలోమమైన తరంగమును ఎదురుపంపి రెంటిని శమింపజేయు ఉపాయమునకు పాల్ ల్యూగ్ అను జర్మనుడు 1936లోనే అమెరికాలో పేటెంటు పొందెనట. పిదప 1978లో, వంగదేశమునుండి వలసపోయిన స్వాతంత్ర్యయోధుని కుమారుడును, ఎంఐటీలో ఆచార్యుడును అగు అమర్ బోస్, జూరిచ్‌నుండి బోస్టనునకు విమానమున పోవుచు, అచ్చట ఇచ్చిన హెడ్‌ఫోను తగిలించికొని, ఇంజను హోరున పాట మునిగిపోవుటకు విసిగి, విమానము దిగులోపలనే కాగితముపై లెక్కలు వేసికొనెను. ఆ లెక్కల ఫలము 1989లో విమానచోదకులకును, 2000లో సామాన్య ప్రయాణికులకును దక్కినది. ఈ ఘట్టమునకు వచ్చుసరికి మనవాని కంఠము గద్గదమగును. ఎదుటివానికి ఆఫీసు బస్సు దాటిపోవును.

అయితే ఈ విద్యయందొక లోపము కలదు. ఫ్యాను, ఏసీ, ఇంజను మొదలగువాని ఎడతెగని మంద్రఘోషను యంత్రము చక్కగా పట్టి అణచును గాని, ఉన్నట్టుండి ఉచ్చస్థాయిని లేచు శబ్దముకడ దాని ఆట అంతగా సాగదు. జనరేటరును జయించిన మహాయంత్రము కుక్కరు కూతకును, ఉల్లిగడ్డల ఆటో మైకునకును తలయొగ్గును. ఆ ఆటో వచ్చినప్పుడెల్ల మనవాడు బాల్కనీనుండి దానివంక చూచు చూపు వర్ణింపనలవి గాదు.

సౌఖ్యవిచారమున ఇతని సూక్ష్మత మరియొక మెట్టు పైన నుండును. కంపెనీవారు చెప్పిన బరువును నమ్మడు. వీధిచివరి కిరాణాకొట్టు కాటాపైనుండి చింతపండు దింపించి, ఆ స్థానమున తన సోనీ హెడ్‌ఫోను పెట్టించెను. 255 అని అంకెలు వెలిగినవి. "కంపెనీవాడు 254 గ్రాములన్నాడే! ఈ ఒక్క గ్రాము ఎక్కడిది?" అని ఇతడు నిలదీసెను. "చింతపండు అంటుకునుంటది సార్" అని కొట్టువాడు తాపీగా సెలవిచ్చెను. పిమ్మట, మనదేశమున 59,900 రూపాయల వెలతో విడుదలైన ఆపిల్‌వారి హెడ్‌ఫోను అదే కాటా నధిష్ఠించి 385 చూపగా, "దీనికి కూడా బిల్లు కొట్టాలా సార్?" అని ఆ కొట్టువాడే అడిగెను.

బరువుకంటె బిగింపు ముఖ్యమని ఇతని మతము, అది నిజమే. కండ్లజోడు కాడ కుషనునకును చర్మమునకును నడుమ సందు కల్పించును. ఆ సందున బేస్ వెలికి పోవును, చప్పుడు లోనికి వచ్చును. అందుచేత ఇతడు కండ్లజోడు తీసి వినును. తీసిన పిదప ఫోనులో తానే పాట నొక్కెనో కనబడదు. అయినను ఇతనికది ప్రధానము కాదు.

ఇక నాదవిచారము. సెకనునకు 990 కిలోబిట్లు మోయగల ఎల్‌డాక్ అను బ్లూటూత్ మార్గము ఐఫోనులో లేదని తెలిసి, హెడ్‌ఫోనునకు తగినట్లు ఫోనునే మార్చిన త్యాగి ఇతడు. తన పరికరము 40,000 హెర్ట్జుల వరకు పలుకునని గర్వించును. మనుష్యుని చెవి 20,000 దాటి వినజాలదు. నడివయసున ఆ హద్దు ఇంకను క్రిందికి జారును. తక్కినదంతయు ఇతడు ఏ గబ్బిలములకొరకు కొన్నాడో నేనడుగలేదు. ఇళయరాజా పాటలలో పల్లవికి ముందు బేస్ గిటారు ఎచ్చట మెలిక తిరుగునో ఇతనికి కంఠస్థము. చరణమును మాత్రము ఎన్నడును విని యెరుగడు, ఏలయన అంతలోనే రెండవ హెడ్‌ఫోను తగిలించికొని మొదటినుండి వినవలెను. 1957 నాటి మాయాబజారులోని నౌకావిహారపు పాట నొకనాడు నేను కోరగా, విని పెదవి విరిచి, "మోనో రికార్డింగండీ. ఎడమా కుడీ తేడా లేదు. పడవ ఎటు పోతోందో తెలిసి చావదు" అనెను.

2022లో సోనీవారు మడతపడని నమూనా తెచ్చినప్పుడు ఇతడనుభవించిన వ్యథ చూడజాలకుంటిమి. 2025లో మడతపడునది మరల వచ్చినంతనే పాతది నా యింటికి వచ్చెను. "మీరు కాబట్టి పన్నెండు వేలకిస్తాను. పెట్టుకు చూడండి" అని నా తలకు తగిలించి, మీట నొక్కెను. ఫ్యాను చప్పుడు మాయమయ్యెను. ఎవరో స్త్రీ హాయిగా పాడుచుండెను. విని, విని, "పాట చాలా బాగుందండీ" అంటిని.

అతడు నావంక జాలిగా చూచి, "పాటదేముందండీ, అది ఏ ఫోన్లోనైనా వస్తుంది" అని, హెడ్‌ఫోను నా తలపైనుండి మెల్లగా ఊడదీసి, కుషనులు తుడిచి, మూడవ అంతస్తు డాక్టరుగారి తలుపు తట్టుటకు వెడలిపోయెను.