బే విండోను గోడగా మార్చుకొనే విధానం

హైదరాబాదులో కొత్త ఫ్లాటు అమ్మే బ్రోషర్లలో తరచూ ఒక బొమ్మ కనిపిస్తుంది. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన మూడు పలకల కిటికీ, దాని అరుగు మీద దిండ్లు, కాఫీ కప్పుతో ఒకావిడ. అదే బే విండో. నడుమ పెద్ద అద్దం కదలదు, చెరో పక్కన తెరుచుకునే రెక్కలు 30 లేదా 45 డిగ్రీల వాలులో ఉంటాయి. ఎండ మొహం సరిగ్గా చూడని ఇంగ్లండులో, విక్టోరియా కాలంలో, దొరికిన కాస్త వెలుతురును మూడు వైపులనుంచీ లోపలికి లాక్కోవడానికి ఇది తెగ వాడుకలోకి వచ్చింది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, అదీ పడమటి గోడకు, దీని అవసరం ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. ఎలాగూ కొన్నారు కాబట్టి నిర్వహణ నేర్చుకుందాం.

ముందు కర్టెన్. కిటికీ మలుపులు తిరిగింది గనక రాడ్డు కూడా దానితోపాటే వంగాలంటాడు దుకాణంవాడు. నమ్మకండి. ఈ గోడనుంచి ఆ గోడకు తిన్నగా ఒకటే రాడ్డు బిగించేయండి. వెనక మిగిలిన చోటు దేవుడిచ్చిన అటక. సూట్‌కేసులు, పాత మిక్సీ, టీవీ వచ్చిన అట్టపెట్టె (వారంటీ తీరినా పారేయకూడదు), బియ్యం బస్తాలు అన్నీ పడతాయి. ఆ అరుగు కింద నేల లేదని, గాల్లోకి చాచిన స్లాబు మీద బరువులు పెట్టేముందు అడగమని ఇంజినీరు గొణుగుతాడు. గొణగనివ్వండి.

బే గోడ అసలు గోడను కలిసేచోట సన్నటి బీట కనిపిస్తే లప్పం పెట్టి రంగేయండి. మళ్లీ కనిపిస్తే మళ్లీ వేయండి. బీట చివర పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాసి, అది పెరుగుతోందేమో చూడమనేవాళ్లుంటారు. అలా చేస్తే నిజం తెలిసిపోయే ప్రమాదం ఉంది.

ఇక అసలు విద్య, కన్నాలు పూడ్చడం. యూపీవీసీ ఫ్రేము అడుగున బయటివైపు సన్నటి చీలికలుంటాయి. ట్రాక్‌లో చేరిన వాన నీళ్లు వాటిగుండానే బయటికి పోవాలి. వాటిలోంచి చీమలొస్తాయి కదా, సిలికాన్ కొట్టి మూసేయండి. తొలి పెద్ద వానకే ట్రాక్ నిండి, నీళ్లు అరుగు మీదికి పొర్లి, కింది గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. అప్పుడు బిల్డర్‌ను తిట్టుకోవచ్చు. అతను పంపిన కుర్రాడు లోపలివైపు ఇంకో వరస సిలికాన్ పూసి వెళ్తాడు. నీళ్లు గోడలోకి దిగడం ఆగదు గానీ, దిగిన జాడ కొన్నాళ్లు కనబడదు. పూత నిలవాలంటే పాతదంతా గీకి, గోడ పొడిగా ఉన్న రోజున, బయటివైపు వేయాలి. అయిదో అంతస్తులో తాడుకు వేలాడి ఆ పని చేసేవాడికి కూలి ఎక్కువ. రంగులకే అంతకంటే ఎక్కువవుతుందన్న లెక్క మనకొద్దు.

సజ్జ అడుగున అంచు వెంట ఒక గాడి ఉంటుంది. వాన నీళ్లు అక్కడే తెగి కిందపడాలని మేస్త్రీ పెట్టిన గాడి అది. చూడ్డానికి బాగుండదు, నున్నగా పూడ్పించండి. నీళ్లు సజ్జ అడుగునే పాకుతూ నేరుగా ఫ్రేము నెత్తిన దిగుతాయి.

టేకు కిటికీ అయితే వానాకాలంలో ఉబ్బి పట్టేస్తుంది. వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించండి. వేసవికి కర్ర ఎండి, వేలు దూరేంత సందు వస్తుంది. దోమలకు వేరే దారి వెతుక్కునే శ్రమ తప్పుతుంది. పావురాల సంగతి రాయను, అవి మీ అనుమతి అడగవు.

ఒక్క విషయంలో వెటకారం పక్కనపెడతాను. అరుగు పిల్లలకు మెట్టు. గ్రిల్లు గానీ కటకటాలు గానీ ఎంత ఎత్తుండాలో నేలనుంచి కాదు, అరుగు మీదనుంచి కొలవండి. దోమల మెష్ పిల్లల బరువు ఆపదు.

మృగశిర కార్తె రాకముందే ఒక గ్లాసెడు నీళ్లు ట్రాక్‌లో పోసి చూడండి. బయటికి పోతే సరే. లోపలికి వస్తే ముందు ఆ కన్నాలు తెరిపించండి. రంగులవాణ్ణి తర్వాత పిలవొచ్చు.