ఎగుడు మరిచిన దిగుడు

బ్రాడ్‌బ్యాండ్‌కు నిర్వచనం రాసే అధికారి గారి దివ్య సముఖానికి,

విషయం: ఇంట్లోంచి బయటికి పోయే ఇంటర్నెట్టు గురించి మనవి.

అయ్యా,

తమరి పేరు నాకు తెలియదు. ఢిల్లీలో ఏ అంతస్తులో, ఏ గదిలో కూర్చుంటారో కూడా తెలియదు. తమరి వాక్యం మాత్రం కంఠతా వచ్చు. 2004లో బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు సెకనుకు 256 కిలోబిట్లు దిగితే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అన్నారు. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచారు. పెంచినప్పుడల్లా సంతోషించాం. కానీ మూడుసార్లూ తమరి కలం ఒకే దిక్కు చూసింది. వాక్యం మొదట్లో అటూ ఇటూ మాటామంతీ జరిపే సేవలకు పనికొచ్చే కనెక్షన్ అని రాస్తారు. చివరికొచ్చేసరికి డౌన్‌లోడ్ కనీసం ఇంత ఉండాలని చెప్పి చుక్క పెట్టేస్తారు. మా ఇంట్లోకి దిగేదానికి ఒక కనీసం ఉంది. మా ఇంట్లోంచి పైకి ఎక్కేదానికి ఏమీ లేదు.

నేనెవరినంటే, రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్లో ఆట ఆడుతూ, ఆ ఆటను లైవ్‌లో చూపిస్తూ, తెలుగులో ఆపకుండా వాగేవాణ్ణి. ఆట పేరు జీటీఏ. అందులో రోల్‌ప్లే అని ఒక పద్ధతి ఉంది: ఎవరికి తోచిన వేషం వాళ్లు కట్టుకుని ఊళ్లో తిరుగుతారు. నాది ట్యాక్సీ డ్రైవరు వేషం. చదువుకున్నవాడు చేసే పని కాదని మా నాన్నగారి అభిప్రాయం. దాని మీద తమరి తీర్పు కోరడం లేదు.

నా ఇబ్బంది ఇదీ. ట్యాక్సీ వంతెన మీద మలుపు తిరుగుతూ ఉంటుంది. చాట్‌లో మొదలవుతుంది: "అన్నా, స్టక్." "అన్నా, బొమ్మ ఆగిపోయింది, నీ గొంతొక్కటే వస్తోంది." "బ్రో, నెట్ బిల్ కట్టలేదా?" కారు గాల్లో ఆగి ఉంటుంది, నేను మాత్రం దిగిన ప్యాసింజరుతో చిల్లర గురించి గొడవపడుతూ ఉంటాను. అందరూ నవ్వుతారు. కాసేపయ్యాక వెళ్లిపోతారు.

బొమ్మ పోయి గొంతు ఎందుకు మిగులుతుందో తమరికి విన్నవించాలి. నేను వాడే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, 2012 నుంచీ ఉంది. అది తయారుచేసిన ఫ్రేములను వరసగా సర్వర్‌కు పంపుతుంది. దారి ఇరుకైతే ఫ్రేములు క్యూలో పేరుకుంటాయి. ఆ క్యూ సుమారు 0.7 సెకను పొడవు దాటిందంటే ముందుగా, ఇంకే ఫ్రేమూ ఆధారపడని బీ-ఫ్రేములను పారేస్తుంది. 0.9 దాటితే ముందు బొమ్మ మీద ఆధారపడే పీ-ఫ్రేములనూ పారేసి, మళ్లీ పూర్తి బొమ్మ ఉండే కీఫ్రేమ్ వచ్చేదాకా ఆగుతుంది. కీఫ్రేమ్ రెండు సెకన్లకొకటి పెట్టుకోమని యూట్యూబ్, ట్విచ్ రెండూ చెబుతాయి. ఓబీఎస్ శబ్దం జోలికి మాత్రం వెళ్లదు. అందుకే నా వాగుడు ఒక్క అక్షరం తప్పిపోకుండా లోకానికి చేరుతుంది, నా డ్రైవింగే చేరదు. డ్రైవింగ్ మీదే నాకు గర్వం.

మా కనెక్షన్ ఇచ్చిన వాళ్లకు ఫోన్ చేశాను. కంపెనీ పేరు అనవసరం, ఎవరికి చేసినా ఆ అమ్మాయి గొంతు అంతే మర్యాదగా ఉంటుంది. "సర్, ఒకసారి స్పీడ్ టెస్ట్ చేస్తారా?" చేశాను. డౌన్‌లోడ్ 94 మెగాబిట్లు వచ్చింది. "స్పీడ్ బాగానే ఉంది కదా సర్. ఇంకేమైనా సహాయం కావాలా?" ఆవిడ తప్పేమీ లేదు, తమరు రాసిన నిర్వచనం ప్రకారం నా కనెక్షన్ నలభై ఏడు రెట్లు బ్రాడ్‌బ్యాండు. పైగా ఆ టెస్టు దగ్గర్లోని సర్వర్‌తో, ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, కొన్ని సెకన్లలో ముగుస్తుంది. నా లైవ్ ఒకే ఒక్క టీసీపీ కనెక్షన్ మీద గంటల తరబడి నడవాలి. మున్సిపాలిటీ కొళాయి ఒక్క నిమిషం ధారగా వస్తే, ట్యాంకు నిండుతుందని రాసిచ్చినట్టుంది ఆ పరీక్ష.

సరే, తప్పు నా ఇంట్లో ఉందేమోనని ముందు అదే వెతికాను. ఫిర్యాదుదారుడే దర్యాప్తు అధికారి కూడా కావడం మన దేశంలో కొత్తేమీ కాదు. ఓబీఎస్‌లో స్టాట్స్ అనే కిటికీ తెరిస్తే మూడు లెక్కలు కనిపిస్తాయి. చూసేవాళ్లు మూడింటినీ "లాగ్" అనే అంటారు. నిజానికి మూడింటి జబ్బులూ వేరు, మందులూ వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేసి రాత్రులు పాడుచేసుకున్నవాళ్లు కోకొల్లలు.

మొదటిది రెండరింగ్ లాగ్. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో బొమ్మకు 16.67 మిల్లీసెకన్లే గడువు. గ్రాఫిక్స్ కార్డును ఆట మొత్తం మింగేస్తే, ఓబీఎస్‌కు తన బొమ్మ కూర్చుకోవడానికి ఆ గడువు చాలదు. ఆటకు ఫ్రేమ్ రేటు పరిమితి పెట్టాలి, నీడలూ నీళ్ల మెరుపులూ కాస్త తగ్గించాలి. ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే, కార్డు దగ్గర విండోస్ దానికి ముందు వరస ఇస్తుంది. అధికారి హోదా ఉంటేగాని పని కాకపోవడం తమరికి వింతగా ఉండదనుకుంటాను.

రెండోది ఎన్‌కోడింగ్ లాగ్. బొమ్మ తయారైంది కానీ కుదించడానికి ప్రాసెసర్‌కు ఊపిరి ఆడటం లేదని దాని అర్థం. ప్రాసెసర్ మీదే కుదించే ఎక్స్264 వాడేవాళ్లు ప్రీసెట్‌ను 'వెరీఫాస్ట్'కు తేవాలి. ఎన్విడియా కార్డున్నవాళ్లు ఎన్వెంక్‌కు మారడం మేలు, ఎందుకంటే ఆ పనికి కార్డులో విడిగా ఒక భాగమే ఉంటుంది. నా దగ్గర ఈ రెండు లెక్కలూ సున్నా దగ్గరే ఉన్నాయి.

మూడోది డ్రాప్డ్ ఫ్రేమ్స్, పక్కన కుండలీకరణాల్లో నెట్‌వర్క్ అని ఉంటుంది. నా ఇంట్లో పెరిగేది ఇదొక్కటే. కింద మూలనున్న చిన్న గుర్తు ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతుంది. లైవ్ ఆపాక ఓబీఎస్ లాగ్ ఫైలులో, చాలినంత బ్యాండ్‌విడ్త్ లేకనో కనెక్షన్ ఆగిపోయో ఇన్ని ఫ్రేములు పోయాయని శాతంతో సహా రాసి పెడుతుంది. అంటే నా కార్డుకు, నా ప్రాసెసర్‌కు క్లీన్ చిట్ దొరికింది. ఇక్కడ నా వీధి దాటి తమరి పరిధిలోకి వస్తున్నాను.

వైఫై తీసేసి కేబుల్ గుచ్చాను. అపార్ట్‌మెంట్లో 2.4 గిగాహెర్ట్జ్ అంటే అందరి రౌటర్లూ మూడు చానళ్ల మీద పడి కొట్టుకోవడమే కాబట్టి, ఇది ఎవరైనా ముందు చేయాల్సిన పని. నిజంగానే ఫ్రేములు పోవడం కాస్త తగ్గింది. మళ్లీ ఎనిమిదిన్నర దాటగానే మొదలైంది. అప్పుడు అప్‌లోడ్ ఒక్కదాన్నే, వేళ మార్చి వేళ కొలిచాను. ఉదయం పది మెగాబిట్లకు దగ్గరగా ఉన్నది, రాత్రికి నాలుగు కూడా నిలకడగా లేదు. ప్లాన్ కాగితం తీసి చూస్తే "100 ఎంబీపీఎస్" అని బొద్దు అక్షరాల్లో ఉంది. ఎక్కేది ఎంతో చిన్న అక్షరాల్లో కూడా లేదు. ఉండాలని తమరు అడగలేదుగా.

లెక్క చూడండి. 1080పీ బొమ్మ సెకనుకు 60 ఫ్రేములతో పంపడానికి ట్విచ్ చెప్పేది 6000 కేబీపీఎస్. స్థిరమైన బిట్‌రేటు, అంటే ఎక్కడా తగ్గకుండా సెకనుకు 6 మెగాబిట్లు. గంటకు 2.7 జీబీ. అప్‌లోడ్ మొత్తాన్నీ బిట్‌రేటుకే ఇచ్చేస్తే ఊగిసలాటకు చోటుండదు కాబట్టి, నిలకడగా ఎనిమిదైనా ఉండాలి. నా నాలుగుతో నేను చేయగలిగింది 720పీకి దిగి, 30 ఫ్రేములకు తగ్గించి, 2500 దగ్గర ఆగడం. ఆగాను. ఫ్రేములు పోవడం తగ్గింది. నా ట్యాక్సీ నంబరు ప్లేటు మాత్రం ఎవరికీ కనపడదు. ఓబీఎస్‌లో అడ్వాన్స్‌డ్ కింద, దారి ఇరుకైనప్పుడు బిట్‌రేటు తనంతట తానే తగ్గించుకునే మీట కూడా ఉంది. సర్దుకుపోయే గుణం దానికి మీట నొక్కితే చాలు, వచ్చేస్తుంది. మనకైతే నేర్పుతారు.

ఇంత చేశాక ఒక రాత్రి మా బావగారు వచ్చారు, మా చెల్లెలి పెళ్లి ఫొటోలు ఫోన్ నిండా పెట్టుకుని. మా వైఫై తగలగానే ఆ ఫోను బ్యాకప్ మొదలెట్టింది. ఉన్న నాలుగూ తాంబూలాల ఫొటోలు ఎక్కడానికే సరిపోయాయి. రౌటర్లో క్యూ పెరిగి, ఇంట్లో ఎవరు ఏ పేజీ తెరిచినా తెరుచుకోలేదు, ఎందుకంటే "దింపు" అని అడిగే మాట కూడా ఎక్కే దారినే పోవాలి. దిగుడు 94 అలాగే ఖాళీగా ఉంది. బావగారిని ఏమనగలను? "కాఫీ తీసుకోండి బావా" అన్నాను. ఫోను వైఫై ఆపమని చెల్లెలి చేత చెప్పించాను.

ఇదంతా విజ్ఞానశాస్త్రం మన చేతులు కట్టేయడం వల్ల జరిగిందా అంటే, కాదు. పాత టెలిఫోన్ తీగ మీద ఏడీఎస్ఎల్ రోజుల్లో అలా అనుకోవచ్చు: అందులో మంచి రకానికి కూడా 24 దిగితే ఒకటో ఒకటిన్నరో ఎక్కేది. ఇప్పుడు మా గుమ్మం దాకా వచ్చింది ఫైబరు. ఎక్కువగా వాడే జీపాన్ ప్రమాణంలో ఒక తీగ మీద దిగేది దాదాపు 2.5 గిగాబిట్లు, ఎక్కేది దాదాపు 1.25. దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. తేడా రెండింతలే. పదింతల తేడా తీగలో లేదు, ప్లాన్‌లో ఉంది. రెండు వైపులా సమానంగా ఇచ్చే ఫైబర్ ప్లాన్లు ఈ దేశంలోనే బోలెడు అమ్ముతున్నారు కూడా. మా వీధికి ఆ భాగ్యం రాలేదు. రాకపోయినా అది బ్రాడ్‌బ్యాండే అని తమరి సంతకం ఉంది.

ఆటలాడే కుర్రాడి గోల అని తమరు ఫైలు పక్కన పెట్టకండి. మా వైపు ఇప్పుడు పెళ్లంటే కల్యాణ మండపంలో పూలతో పాటు యూట్యూబ్ లైవ్ కూడా ఉంటుంది. డల్లాస్‌లో పెద్దమ్మా, సిడ్నీలో మేనమామా నిద్ర మానుకుని చూస్తుంటారు. ఫొటోగ్రాఫర్ బిక్కుబిక్కుమంటూ నాలుగు ఫోన్ల సిమ్ములు మార్చి చూస్తుంటాడు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు క్యూ 0.9 సెకను దాటుతుంది. మంగళవాద్యాలు డల్లాస్‌కు చేరతాయి, చేతులు చేరవు. చావు కబురు విని రాలేకపోయినవాళ్లు కూడా ఇప్పుడు ఆ తెర మీదే ఆఖరి చూపు చూస్తున్నారు. అక్కడ పోయిన ఫ్రేమును మళ్లీ తీయడం కుదరదు.

కాబట్టి ప్రార్థించేదేమనగా, ఈసారి నిర్వచనం సవరించేటప్పుడు ఎక్కే వేగానికీ ఒక అంకె వేయండి, చిన్నదైనా సరే. కంపెనీలు ప్లాన్ కాగితం మీద ఆ అంకెను దిగే అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో అచ్చువేయాలని చెప్పండి. కొలిచేవాళ్లు రాత్రి తొమ్మిదికి కొలవాలి, ఒకే కనెక్షన్ మీద, గంటసేపు. మధ్యాహ్నం భోజన విరామంలో కాదు.

ఈ లేఖకు జవాబు ఈమెయిల్‌లో దయచేయగలరు. ఎంత పెద్ద ఫైలైనా జతచేయండి, దించుకోవడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ట్యాక్సీ డ్రైవరు

జతపరచినది: ఓబీఎస్ లాగ్ ఫైలు, ఒకటి. వీడియో సాక్ష్యం కూడా ఉంది, ఇంకా అప్‌లోడ్ అవుతోంది.