నరకభయం కరువైన చోట

జహీరాబాద్‌లో పేదవాడికి జబ్బు ముదిరితే నలుగురూ అనేది ఒకటే మాట: "పట్నం తీస్కపోండ్రి." అంటే వంద కిలోమీటర్ల అవతల, మూసీ ఒడ్డున ఉస్మానియా దవాఖానకు. తీసుకుపోతాం. గుమ్మటాల పెద్ద భవనానికి తాళం. పక్క బిల్డింగుల్లో పడక కోసం కాళ్లావేళ్లా పడుతూ, ఆ వారసత్వ సంపదను బయటినుంచే చూసి తరించాలి.

1908 వరద అఫ్జల్‌గంజ్ పాత దవాఖానను ముంచేస్తే, ఏడో నిజాం విన్సెంట్ ఎష్ చేత గీయించి, 1925 నాటికి కట్టించిన భవనమిది. 2015లో కూల్చేస్తామంది సర్కారు. జనం వద్దన్నారు. పోనీ బాగు చేశారా? 2020 జూలైలో వార్డుల్లోకి నీళ్లొస్తే రోగుల్ని తరలించి తాళం బిగించారు. మన దగ్గర మరమ్మతంటే అదే.

ఇటలీలో ఫ్లోరెన్స్ నగరాన 1288లో పెట్టిన సాంతా మరియా నువోవా ఆసుపత్రి మాత్రం ఇప్పటికీ రోగుల్ని చూస్తోంది. పెట్టినవాడు షావుకారు. ఆ కాలపు దాతలంతా ధర్మరాజులనుకునేరు! జర్మనీలో యాకోబ్ ఫుగ్గర్ ఏకంగా చక్రవర్తి ఎన్నికకే అప్పిచ్చిన వడ్డీ వ్యాపారి. పోయాక లెక్క చెప్పాలని గుండె గుబగుబలాడి, ఆగ్స్‌బర్గ్‌లో పేదలకు ఇళ్లు కట్టించాడు. అయిదు వందల ఏళ్లయినా అద్దె ఏడాదికి ఒక్క యూరో కూడా లేదు. దాతల ఆత్మశాంతికి రోజూ మూడు ప్రార్థనలు చేస్తే చాలు. ఖర్చుకు అడవుల రాబడి ఉంది. ఫ్రాన్సులో బోన్ ధర్మాసుపత్రిని 1443లో పెట్టిన మంత్రిగారిదీ పరలోకచింతే. దానికి దాతలిచ్చిన ద్రాక్షతోటల సారాయి నేటికీ ఏటా వేలం పాడుతున్నారు. సారాయి డబ్బు మన సర్కారుకూ వస్తుంది లెండి, దారే వేరు.

వాళ్లను పీడించింది నరకభయం. అది రోజూ ఉంటుంది కనుక గోడతోపాటు దాన్ని నిలబెట్టే ఆదాయమూ రాసిచ్చారు. మన ఏలికలకున్నది ఎన్నికల భయం, అయిదేళ్లకోసారి వచ్చిపోయే చలిజ్వరం. దానికి శంకుస్థాపన సరిపోతుంది. సున్నం రాలిన పైకప్పుకు రిబ్బన్ కత్తిరించేదెవరు?

2025 జనవరిలో గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఉస్మానియాకు రాయి పడింది. సంతోషమే. అయ్యా, శిలాఫలకం మీద మీ పేర్ల కింద ఇంకొక్క వరుస చెక్కించండి: ఏటా మరమ్మతుకు ఎంత సొమ్ము, ఏ పద్దు నుంచి?