ఇడ్లీని ఇడ్లీ అనే అంటారు

పరాయి ఊరికి బయల్దేరేవాళ్ల కోసం బస్టాండు బడ్డీల్లో 'ముప్ఫై రోజుల్లో ఫలానా భాష' అనే పుస్తకాలు అమ్ముతారు. వాటిలో పక్షుల పేర్లుంటాయి, శరీర భాగాలుంటాయి, మేనమామతో మొదలై బంధువర్గమంతా ఉంటుంది. పొద్దున్నే ఆకలేసినవాడికి పిచ్చుకతోనూ మోచేతితోనూ మేనమామతోనూ పనిలేదని ఎవరైనా ఒప్పుకుంటారు. అందులోని తినుబండారాల పట్టికతో కూడా పనిలేదన్నది నా వాదన. టిఫిన్ కోసం పరభాష నేర్చుకోదలిస్తే వంటకాల పేర్లు వదిలేసి వద్దు, చాలు, ఇంకొకటి, లేకుండా అన్న నాలుగు మాటలూ, పది దాకా అంకెలూ పట్టుకోవాలి.

దీనికి సాక్ష్యం వరంగల్‌లోనే ఉంది. దేశంలో మొట్టమొదటి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ 1959లో ఇక్కడే పుట్టింది, ఇప్పుడది ఎన్‌ఐటీ. అందులో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవి. అంటే రాజస్థాన్ నుంచీ బీహార్ నుంచీ ఏటా కొత్త పిల్లలు కాజీపేటలో దిగుతారు, హాస్టల్ మెస్ మీద విరక్తి పుట్టగానే టిఫిన్ బండ్ల మీద పడతారు. ఇడ్లీని తెలుగులో ఏమంటారన్న సందేహం వీళ్లలో ఎవరికీ రాదు. పాట్నాలోనూ అది ఇడ్లీయే. పేరు రాకపోయినా పెనం కళ్లెదుటే ఉంది, వేలు చూపిస్తే సరి. చిక్కంతా వేలికి అందనివాటితోనే. పల్లీ చట్నీ కావాలంటే గిన్నె చూపించొచ్చు. వద్దని చెప్పడానికి ఏ గిన్నె చూపిస్తాం? సాంబారు ఇడ్లీ మీద పొయ్యకుండా పక్కన పొయ్యమనడానికి కూచిపూడిలో కూడా అభినయం ఉన్నట్టు లేదు. ఉన్నా, అది పూర్తయ్యేలోపు గరిటె ఒరిగిపోతుంది. అందుకే ఆ పిల్లల తెలుగు "అన్నా, కారప్పొడి వద్దు", "చట్నీ ఇంకొంచెం", "సాలు సాలు" అన్నచోట మొదలవుతుంది. చాలామందికి అక్కడే పూర్తవుతుంది కూడా, డిగ్రీ మాత్రం వచ్చేస్తుంది.

పైగా పేర్లను నమ్ముకుంటే నట్టేట ముంచుతాయి. మనకు టిఫిన్ అంటే తినేది, ముంబైవాళ్లకు అది మధ్యాహ్న భోజనం డబ్బా. అక్కడే వడ అని ఊరుకుంటే ఆలుగడ్డ ముద్ద వస్తుంది. ఇటలీలో లాతె అడిగితే కాఫీ చుక్క కూడా లేని పాలు పెడతారు. అన్నిటికన్నా దారుణం బెంగళూరుది. ఇంట్లో ఉప్మా బాధ పడలేకే రాష్ట్రం దాటాడా అనిపించే తెలుగువాడు హోటల్ బోర్డు మీద ఖారాబాత్ అన్నది చూసి, బాత్ అంటున్నారు గనక అన్నమేనని ధైర్యంగా చెబుతాడు. వచ్చేది ఉప్మా. అప్పుడు పనికొచ్చేది 'వద్దు' ఒక్కటే.

అంకెలెందుకు, వేళ్లున్నాయిగా అంటారు. జర్మనీలో లెక్క బొటనవేలితో మొదలవుతుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపితే రెండు. చైనాలో అదే భంగిమ ఎనిమిది. మన ప్రాంతం నుంచి ఎంబీబీఎస్ చదవడానికి చైనా వెళ్లే పిల్లలు ఆవిరి మీద ఉడికిన బన్నుల ముందు నిలబడి ఈ తేడా తెలుసుకోవడం కొంచెం ఖరీదైన పాఠం. ఆ బన్నుల్లో మాంసం ఉండొచ్చు గనక, శాకాహారికి 'బూ యావ్' అన్న చైనీ 'వద్దు' ఇంకా ముందు కావాలి. ఈ మాటలేవీ నోరు తిరగనివి కావు. 'లేకుండా' అన్నది జర్మన్‌లో 'ఓనె', స్పానిష్‌లో 'సిన్'.

ఇక ఆక్షేపణలు. వరంగల్‌లో హిందీ నడుస్తుంది కదా, తెలుగు దేనికంటారు. నిజమే, నిజాం ఏలిన నేల. పైగా కష్టపడి తెలుగులో అడిగిన రాజస్థానీ కుర్రాడికి హిందీలో జవాబిచ్చే సర్వరు ఒడిశావాడై ఉండే అవకాశమూ ఉంది. కానీ ఆ హిందీలోనైనా వాళ్లిద్దరి మధ్య నడిచేది 'బినా', 'బస్', 'ఔర్ ఏక్' మాత్రమే. భాష మారింది, మాటల జాబితా మారలేదు. ఫోను అనువాదం చేస్తుందంటారు. చేస్తుంది, కానీ రద్దీ వేళ బండి దగ్గర ఫోన్ లాక్ తీసేసరికి మీ భుజం మీదుగా మూడు చేతులు ప్లేట్లందుకుంటాయి. వంటవాణ్ణే వెంట తీసుకెళ్తే ఈ గొడవే ఉండదనేవాళ్లకు ఘనమైన పూర్వీకుడున్నాడు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి పరివారంతో, డేరాలతో వెళ్తూ, ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో రాసుకున్నాడు. ఆయన ఉద్యోగం మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ! అన్ని భాషలొచ్చిన మనిషి కూడా పొద్దుటి తిండిని భాషకు వదిలిపెట్టలేదు. ఈనాటి యాత్రా ట్రావెల్స్‌వాళ్లు 'తెలుగు వంటవాళ్లతో' అని ప్రకటనల్లో వేసుకునేది ఆ సంప్రదాయమే. డేరాలు మోసేవాళ్లున్నవాళ్లకు నేనేమీ చెప్పను.

ఒక్కచోట మాత్రం నా సిద్ధాంతం వీగిపోతుందని ఒప్పుకోవాలి. కాజీపేట దాటాక బోగీలోకి టీ క్యాన్ వస్తుంది. షుగరున్నవాళ్లు 'చక్కెర లేకుండా' అని తెలుగులో, హిందీలో, వచ్చిన భాషలన్నిటిలో అడుగుతారు. చక్కెర పాలతోపాటే మరిగి, రైలెక్కకముందే కలిసిపోయింది. అబ్బాయి కప్పు నింపుతూనే ఓదారుస్తాడు: "తక్కువనే ఏసినం సార్, తాగుండ్రి."