సొంత ఆలోచనకు రెండు మార్కులు

బిజినేపల్లి చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ కట్టారు. టై కట్టుకున్న నాలుగేళ్ల పిల్లగాడు భూతద్దం పట్టుకుని వచ్చేపోయే బస్సుల్ని చూస్తుంటాడు. కింద రాత: 'నర్సరీ నుంచే క్రిటికల్ థింకింగ్. అడ్మిషన్లు జరుగుచున్నవి.'

చిన్నప్పుడే పిల్లలతో సైన్సు చేయించాలంటే నాకేం పేచీ లేదు. ఏడాది పిల్ల చెంచాను పదిసార్లు కింద పడేసి, పదిసార్లూ వంగి చూస్తుంది. మనం విసుక్కుంటాం గానీ, అది చేస్తున్నది ప్రయోగమే. ఆ చెంచా లాక్కుని, దాన్నే డబ్బాలో పెట్టి 'యాక్టివిటీ కిట్' అని మనకే అమ్మేవాళ్లతోనే నా పేచీ.

మా మనవరాలు ఆ ఫ్లెక్సీ బడిలోనే రెండో తరగతి. ఫిబ్రవరి 28, శుక్రవారం, సైన్స్ మేళాకు రమ్మంటే పోయిన. పదిన్నరకని కార్డులో వేసిన మేళా పన్నెండు దాటాక మొదలైంది. రాహుకాలమట. అది పోయిందాకా ఆగి, కొబ్బరికాయ కొట్టి, రిబ్బన్ కత్తిరించి, ఆపైన శాస్త్రీయ దృక్పథం మీద ప్రసంగం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఎ(హెచ్) కూడా ఆ ప్రసంగంలో వచ్చింది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అని ముఖ్య అతిథి చూడకుండా చెప్పాడు. కొబ్బరిచిప్ప ఆయన చేతిలోనే ఉంది.

లోపల ఐదు అగ్నిపర్వతాలు. ఐదూ ఒకే దుకాణంలో కొన్నవని థర్మకోల్ మీది గోధుమరంగే చెబుతోంది. వంటసోడా మీద ఎర్రరంగు కలిపిన వెనిగర్ పోస్తే నురగ పొంగుతుంది, తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తుతారు. మా పిల్ల వంతు వచ్చింది. ఇంగ్లీషులో బట్టీ పట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పి, నురగ చల్లారినంక మేడం దిక్కు తిరిగి అడిగింది: "మిస్, నిజం కొండల కూడా వంటసోడానే ఉంటదా?"

మేళా మొత్తంలో సైన్సు అన్నది ఆ ఒక్క నిమిషమే. మేడం చేతిలోని కాగితం చూసుకుంది. అందులో ఆ ప్రశ్న లేదు. "నెక్స్ట్" అంది. ఆమెనేమీ అనను. ఆమెకిచ్చే జీతానికి కాగితం చదవడమే ఎక్కువ. ఆ కాగితం పంపేది కూడా ఎక్కడో సిటీలోని ఆఫీసు.

సముద్రం ఎందుకు నీలంగా ఉంటదన్న ప్రశ్న సి.వి. రామన్‌ను పట్టుకుంది 1921లో, ఓడ ప్రయాణంలో. ఫలితం చేతికొచ్చింది 1928 ఫిబ్రవరి 28న. నడుమ ఏడేళ్లు. ఆ తేదీ గుర్తుగా జరిపే సైన్స్ పండుగలో పిల్లకు ఏడు సెకన్లు దొరకలేదు.

పక్క బల్ల మీద సౌరకుటుంబం. శనిగ్రహానికి ఎవరో తల్లి తన ప్లాస్టిక్ గాజు తొడిగింది, ముచ్చటగానే ఉంది. చూడటానికి వచ్చిన ఒక పిల్లగాడు అడిగాడు: "మనం నందివడ్డెమాన్ల నూనె పోసేది దీనికేనా?"

నందివడ్డెమాన్ మా బిజినేపల్లి మండలమే. శనేశ్వరుడికి నువ్వులనూనె అభిషేకాలు చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఎవరి నమ్మకం వారిది, నాకు తగవులేదు. కానీ పిల్లగాడు రెండు విన్నాడు, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఫ్లెక్సీలో అమ్ముతున్న సరుకు అచ్చంగా అదే. వాళ్ల నాయిన వాడి చెవి పట్టుకుని "అది వేరే, ఇది వేరేరా" అన్నాడు. చెవి అంటే గుర్తొచ్చింది, గెలీలియో దుర్బిణిలో చూసినప్పుడు శనికి అటూఇటూ ఏవో చెవుల్లాగా కనబడ్డాయి. అవేమిటో ఆయనకు అర్థం కాలేదు. అది వలయమని హైగెన్స్ తేల్చి పుస్తకం వేసింది 1659లో. మన మేళాకు వచ్చి ఉంటే గెలీలియోకు కన్సొలేషన్ ప్రైజు కూడా దక్కేది కాదు.

ఇంటికొచ్చి పిల్ల వర్క్‌బుక్ తిరగేసిన. ప్రతి పాఠం చివర 'నీ సొంత ఆలోచన రాయి' అని ఒక గడి, దానికి రెండు మార్కులు. సొంత ఆలోచనను మేడం బోర్డు మీద రాస్తుంది. తరగతి అంతా దించుకుంటుంది. 'వాన రాకపోతే ఏమవుతుంది?' అన్నచోట మా పిల్ల బోర్డు వదిలి 'నాయిన బోరు వేపిస్తడు, అమ్మ లొల్లి చేస్తది' అని రాసింది. దాని మీద ఎర్రసిరాతో అడ్డగీత. పక్కన సరైన సొంత ఆలోచన.

సైన్సు చూడాలంటే దూరం పోనక్కర్లేదు, ఇదే మండలంలో పాలెం ఉంది. అక్కడ వ్యవసాయ పరిశోధన స్థానముంది, ఆముదంలో కొత్త రకాలు తీసిన చోటు. మందు కొట్టిన మడి పక్కన కొట్టని మడి ఒకటి వదిలి, రెండూ పోల్చి చూస్తేగానీ అక్కడ ఎవరూ నోరు విప్పరు. ఆముదం ఆకు మీద దాసరి పురుగు నడుము ఎత్తి, దించి, జానలు కొలిచినట్టు నడుస్తుంటే గంటసేపు చూడని పిల్ల ఉంటుందా? బడివాళ్ల సైన్స్ టూర్ బస్సు మాత్రం హైదరాబాద్ పోయింది. మధ్యాహ్నం నుంచి మాల్‌లో ఆగింది.

ఆదివారం పల్లిచేను పీకుతున్నాం. వాళ్ల అవ్వ చెట్టు చెట్టుకూ కాయలు తెంపుతుంటే పిల్ల పక్కన కూర్చుంది. పల్లి వేరుకు కాస్తదనే అనుకుంది ఇన్నాళ్లూ. పట్నంల పెద్దోళ్లు కూడా అట్లే అనుకుంటరు. పువ్వు పైన పూసి, ఊడ కిందికి దిగి, మన్నులోకి దూరినంకనే కాయ ఊరుతుందని అవ్వ చూపించింది. ఒక చెట్టుకు పైకొమ్మ నుంచి దిగిన ఊడ ఒకటి మన్ను దాకా రాక గాలిలోనే ఆగిపోయింది, సన్నగా, సూదిలాగా.

"అవ్వా, ఇదెందుకు కాయ కాలే?"

"మన్ను ముట్టలే."

"ఇంకో చెట్టుకు ఇట్లాంటిదాన్ని డబ్బాల మన్ను పోసి ముట్టిస్తే?"

బడి ముఖం చూడని మనిషి, కాయలు తెంపుతూనే, తలెత్తకుండా అంది: "పెట్టి సూడు."

పీకని సాలులో ఒక చెట్టుకు పాత నూనె డబ్బా కట్టి, పొద్దుగూకేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. సోమవారం, క్రిటికల్ థింకింగ్ హోంవర్క్ చేయలేదని డైరీలో రాసి పంపారు. పేరెంట్ సంతకం పెట్టాలట.